చిప్‌లో మెకానికల్‌కి చోటెక్కడ?

ఆగస్టు 12, 2025, మంగళవారం

కేంద్ర మంత్రివర్గం ఈ రోజు మరో నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టులకు ఆమోదం తెలిపింది. ఒడిశాకు రెండు, పంజాబ్‌కు ఒకటి, మన ఆంధ్రకు ఒకటి. మనకు వచ్చేది ప్యాకేజింగ్ యూనిట్, ఏడాదికి 9.6 కోట్ల చిప్‌ల సామర్థ్యంతో.

రాత్రి కాకినాడ నుంచి అక్క ఫోన్. మధ్యలో అక్క కొడుకు అందుకుని, "పిన్నీ, ఈ చిప్ ఉద్యోగాలన్నీ ఈసీఈ వాళ్లకేగా? మెకానికల్ వాళ్లకి అక్కడేం పని?" అన్నాడు. బీటెక్ మూడో ఏడు. క్లాసులో చాలామంది సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరిపోయారట. గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, వినాయక చవితికి రమ్మన్నాను. ఈలోగా చెప్పాల్సినవి వరసగా రాసి పెట్టుకోవాలి.

ఆగస్టు 17, ఆదివారం

ముందు నాకు బాగా తెలిసిన వైపు, డిజైన్. తెలుగువాళ్లకు చిప్ ఉద్యోగం అంటే ఇదే. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ, మైక్రాన్ లాంటి సంస్థల కేంద్రాలు ఉండటమే కారణం. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరుకు రావడంతో మొదలైన దారి ఇది. ప్రపంచంలోని చిప్ డిజైన్ ఇంజినీర్లలో దాదాపు 20 శాతం మన దేశంలోనే ఉన్నారని ప్రభుత్వం చెబుతోంది.

ఇందులోనూ పనులు రకరకాలు. చిప్ పనితీరును కోడ్‌గా (ఆర్‌టీఎల్) రాసేవాళ్లు, వెరిఫికేషన్ వాళ్లు, ఫిజికల్ డిజైన్ వాళ్లు, తయారయ్యాక పరీక్షించే వీలును ముందే చిప్‌లో అమర్చే డీఎఫ్‌టీ వాళ్లు, అనలాగ్ వాళ్లు. నాది వెరిఫికేషన్. పెద్ద ప్రాజెక్టుల్లో డిజైన్ రాసేవాళ్ల కంటే దాన్ని సరిచూసేవాళ్లే ఎక్కువమంది ఉండటం మామూలు. 1994లో ఇంటెల్ పెంటియమ్‌లో భాగహారం తప్పు బయటపడింది. లోపలి పట్టికలో కొన్ని గడుల విలువలు పడకపోవడమే కారణం. చిప్‌లు మార్చి ఇవ్వడానికి ఆ కంపెనీ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే రేపు ప్యాచ్ పంపొచ్చు. సిలికాన్ మీద ముద్ర పడ్డాక ఆ వీలు చాలా తక్కువ. ఓపిక, అనుమానం రెండూ ఉన్న పిల్లలకు ఈ పని అన్నం పెడుతుంది, గౌరవమూ ఇస్తుంది.

ఆగస్టు 24, ఆదివారం

ఇక ఫ్యాబ్, అంటే సిలికాన్ పలకల (వేఫర్ల) మీద చిప్‌లు తయారుచేసే కర్మాగారం. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా, తైవాన్‌కు చెందిన పీఎస్ఎమ్‌సీ కలిసి కడుతున్నదానికి పెట్టుబడి 91,000 కోట్లు, లక్ష్యం నెలకు 50,000 వేఫర్లు. ఒక్కో వేఫర్ వందల అంచెలు దాటాలి. పొర వేయడం, కాంతితో నమూనా ముద్రించడం, అక్కర్లేనిది చెక్కేయడం, నునుపు చేయడం, మళ్లీ మొదటికి. నెలల పని.

ఆ అంచెల్లో ఎవరి పని ఏదో చూస్తే వాడి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పొరలు వేసే వాయువుల రసాయన చర్యలు కెమికల్ వాళ్లవి. అతి శుద్ధమైన నీటి ప్లాంటు కూడా వాళ్లదే. వ్యాక్యూమ్ పంపులు, వేఫర్లు మోసే రోబోలు, క్లీన్‌రూమ్ గాలి ప్రవాహం మెకానికల్ వాళ్లవి. క్షణం కూడా తడబడకూడని కరెంటు ఎలక్ట్రికల్ వాళ్లది. నేల అదురు కాంతితో నమూనా ముద్రించే లితోగ్రఫీ యంత్రానికి తగలకుండా కట్టడం సివిల్ వాళ్లది. ప్రాసెస్ ఇంజినీర్, ఎక్విప్‌మెంట్ ఇంజినీర్, యీల్డ్ ఇంజినీర్ అనే ఉద్యోగాలకు ఈ బ్రాంచీలన్నిటి నుంచీ తీసుకుంటారు. యంత్రాలు నడిపి, బాగుచేసే టెక్నీషియన్లుగా డిప్లొమా వాళ్లకూ చోటుంది.

ఆగస్టు 27, వినాయక చవితి

వాడు వచ్చాడు. పూజ అయ్యాక ఉండ్రాళ్లు తింటూ కూర్చున్నాం. ప్యాకేజింగ్ గురించి చెప్పాను. వేఫర్‌ను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను (డై) ఆధారం మీద అతికించి, సన్నని తీగలతో కలిపి, పైన మౌల్డ్ పోసి, పరీక్షించి పంపడం. సానంద్‌లో మైక్రాన్, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా కట్టేవి ఈ రకం ప్లాంట్లే. ఆంధ్రకు వచ్చేదీ ఇదే.

"వేడెక్కితే సిలికాన్ ఎంత సాగుతుంది, రాగి ఎంత సాగుతుంది?" అని అడిగాను. ఫోన్‌లో వెతికాడు. డిగ్రీకి పది లక్షల్లో సిలికాన్ 2.6 వంతులు, రాగి 17. రెండూ అతికి ఉన్నాయి, చిప్ పనిచేస్తూ వేడెక్కుతుంది, ఆపితే చల్లబడుతుంది. "మరి ఏమవుతుంది?" అంటే కాసేపు ఆలోచించి, "వంగుతుంది. అతుకు దగ్గర ఒత్తిడి పెరిగి, చివరికి పగులుతుంది. ఇది మా స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ కదా పిన్నీ!" అన్నాడు. అవును. వేడిని బయటికి లాగడం వాడి హీట్ ట్రాన్స్‌ఫర్. ఆ వంపును ముందే లెక్కగట్టడం వాడు ల్యాబ్‌లో నేర్చుకుంటున్న ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. ఒకే ప్యాకేజీలో చాలా చిన్న చిప్‌లు (చిప్‌లెట్లు) పేర్చే ఈ రోజుల్లో ఆ లెక్క తెలిసినవాళ్ల అవసరం పెరుగుతోంది. వాడి ముఖం విప్పారింది. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది.

సెప్టెంబరు 2, మంగళవారం

ఢిల్లీ సెమికాన్ ఇండియా సభలో విక్రమ్ 3201 చిప్‌ను ప్రధానికి అందించారు. రాకెట్ల కోసం ఇస్రో రూపొందించిన 32 బిట్ల ప్రాసెసర్, మొహాలీలోని ప్రభుత్వ ఫ్యాబ్ ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. అది పాత పద్ధతే. కానీ రాకెట్‌కు కావలసింది ఓర్పు, నమ్మకం. కార్లలో, పరిశ్రమల్లో కూడా పాత పద్ధతుల చిప్‌ల అవసరం తీరిపోలేదు.

ఎస్‌సీఎల్ 1984లోనే ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989లో అగ్నిప్రమాదం దాన్ని దహించింది. యంత్రాలు డబ్బుతో మళ్లీ వస్తాయి. చేతుల్లో కుదిరిన పనితనం మాత్రం మనిషి పక్కన మనిషి నిలబడి నేర్పితేనే వస్తుంది. ఇప్పుడు ఫ్యాబ్‌లలో చేరే పిల్లల భుజాల మీద ఉన్నది ఆ భారం.

సెప్టెంబరు 7, ఆదివారం

ఈసీఈ చదివే వాడి స్నేహితురాలు ఫోన్ చేసింది. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి ఒక శిక్షణ సంస్థ పెద్ద మొత్తం అడుగుతోందట. గ్యారంటీ మాట నమ్మి అప్పు చేయొద్దన్నాను. చిప్ డిజైన్‌కు వాడే వెరిలేటర్, యోసిస్, ఓపెన్‌లేన్ సాఫ్ట్‌వేర్లు ఉచితమే. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల డిజైన్ కిట్‌ను అందరికీ తెరిచాయి. ఎన్‌పీటెల్ పాఠాలున్నాయి. ఒక చిన్న ఫిఫో (డేటాను వచ్చిన వరసలోనే బయటికి పంపే సర్క్యూట్) సొంతంగా రాసి, అందులో తప్పులు తనే పట్టగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు ఉన్నట్టే.

ఇంటర్వ్యూల్లో నేను అడిగే ప్రశ్న కూడా చెప్పాను: క్లాక్ వేగం తగ్గిస్తే సెటప్ లోపం (డేటా ఆలస్యంగా రావడం) పోతుంది, హోల్డ్ లోపం (డేటా మరీ త్వరగా మారిపోవడం) ఎందుకు పోదు? జవాబు కంఠస్థం చేసినవాళ్లు రెండో ప్రశ్నకు ఆగిపోతారు. ఫ్లిప్‌ఫ్లాప్ బొమ్మ గీసి ఆలోచించినవాళ్లు ముందుకు వెళ్తారు.

సెప్టెంబరు 14, ఆదివారం

వాళ్ల కాలేజీలో మాట్లాడమని పిలిచారు. కష్టాలు కూడా చెప్పాలి. ఈ పరిశ్రమకు ఎగుడుదిగుళ్లున్నాయి. 2021లో చిప్‌ల కరువు, 2023లో మెమరీ ధరలు పడి కోతలు. ఫ్యాబ్ రాత్రీపగలూ నడుస్తుంది, షిఫ్టులు తప్పవు. ఊరు వదిలి దూరం వెళ్లాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి కంటే తక్కువ కావచ్చు.

చివర్లో ఈ మాట చెబుతాను. యాజమాన్యాలకు: సీట్లు నిండటం లేదని మెకానికల్, కెమికల్ శాఖలు మూసేయకండి, దేశం ఫ్యాబ్‌లు కడుతున్న వేళ వాటి అవసరం మునుపటికంటే ఎక్కువ. పిల్లలకు: బ్రాంచి పేరు చూసుకుని దిగులు పడకండి. మీ సబ్జెక్టుల్లో ఒక్కదాన్నైనా లోతుగా నేర్చుకోండి. చిప్ పరిశ్రమలో దానికి పని ఉంది.