మొగలి మరిగే చోట

అత్తరు భట్టీ వెనకాల గుట్టగా పోసిన మొగలిరేకుల్లోంచి ఒకటి తీసి వాసన చూశాను. తడిసిన గడ్డి వాసన. ముందురోజు పొద్దున అదే రేకు పొదలో ఉన్నప్పుడు దారిన పోయేవాళ్ళను ఆపి ఉంటుంది. ఒక్క రాత్రిలో ఆ పరిమళమంతా ఎక్కడికి పోయిందో చూడాలనే ఇంతదూరం వచ్చాను.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా. ఛత్రపురం, రంగైలుండ, చికిటి చుట్టుపక్కల ఇసుక నేలల్లో, కాలవ గట్ల మీద, చేల చుట్టూ కంచెగా ఎటు చూసినా మొగలి పొదలే. 1936లో ఒడిశా విడిపోయేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. బరంపురం బజారులో ఇప్పటికీ తెలుగుతో పని జరిగిపోతుంది. మన మొగలినే వాళ్ళు కియా అంటారు, అత్తరు వ్యాపారులు కేవడా అంటారు. గంజాం కేవడా పువ్వుకూ, దాని నుంచి తీసే రూహ్ అనే అచ్చమైన నూనెకూ భౌగోళిక గుర్తింపు ఉంది. వానాకాలంలో ఇక్కడ పెద్ద పంట. తెల్లవారకముందే కోసిన పూలు బుట్టల్లో భట్టీకి చేరతాయి. తూకం లేదు, లెక్కపెట్టి కొంటారు.

నిప్పు చూసే తాతది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. నా మాట వినగానే తెలుగులోకి దిగాడు.

"వాసనంతా మగ పువ్వుదేనమ్మా. ఆడ చెట్టు కాయ కాస్తాది, అంతే."

మట్టి పొయ్యి మీద పెద్ద రాగి పాత్ర, దాన్ని డేగ్ అంటారు. పూలు, నీళ్ళు వేసి మూత పెట్టి, సందుల్లేకుండా బంకమట్టి మెత్తారు. మూత నుంచి తాడు చుట్టిన వెదురు గొట్టం కిందికి వంగి, నీళ్ళతొట్టిలో మునిగిన సన్నమెడ రాగి బానలోకి వెళుతుంది. ఆ బాన భబ్కా. అత్తరు చెయ్యాలంటే దాంట్లో ముందే నూనె పోసి ఉంచుతారు. వచ్చిన వాసన అందులోకే దిగుతుంది. ఒకప్పుడు అది చందనం నూనె. చందనం ధర చుక్కలనంటాక చాలాచోట్ల పారఫిన్ పోస్తున్నారు. చందనం, పూల వాసనను పట్టి ఉంచడమే కాదు, తన గుణాన్నీ కలుపుతుంది. పారఫిన్‌కు ఇవ్వడానికి ఏమీ లేదు. నాకు ఇది బాధగానే ఉంది.

థర్మామీటరు ఎక్కడా కనపడలేదు. తాత తొట్టిలో చెయ్యిపెట్టి భబ్కా ఒళ్ళు తడిమాడు. వేడి మెడదాకా ఎక్కిందంటే బాన మార్చాలి. తడిగుడ్డతో డేగ్ మీద నిమిరి ఆవిరిని కాసేపు అణిచాడు, ఈలోగా రెండో మనిషి గొట్టం కింద కొత్త బాన పెట్టేశాడు.

"మంట పెంచితే మాడు కంపు. తగ్గిస్తే ఏటీ రాదు. పువ్వుకి తొందరుండదమ్మా, మనకే."

తాత చేతికి తెలిసింది రసాయనశాస్త్రంలో ఇలా ఉంటుంది. మొగలి వాసనలో పెద్ద వాటా ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ది. విడిగా అయితే అది మరగడానికి సుమారు 190 డిగ్రీల వేడి కావాలి. డేగ్‌లో మాత్రం 100 డిగ్రీలలోపే పైకి లేస్తుంది. నీటి ఆవిరి, నూనె ఆవిరి ఒత్తిడిని పంచుకుని కలిసి బయలుదేరతాయి మరి. పైగా ఈథర్ మొండిది, గంటల తరబడి మరిగినా విరగదు. అందుకే మొగలి డేగ్‌ను తట్టుకుంటుంది.

అన్ని పూలకూ ఆ అదృష్టం లేదు. మల్లె జాతి పూల వాసనలో ముఖ్యమైన బెంజైల్ ఎసిటేట్ ఒక ఎస్టర్. వేడినీళ్ళలో ఎస్టర్లు కొంతకొంతగా విరిగిపోతాయి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో మల్లెనూ డేగ్‌లో వేసి అత్తరు తీస్తారు, దాని అందం దానిదే. కానీ తలలో పెట్టుకున్న మల్లెకు దగ్గరగా ఉండాలంటే హెక్సేన్ అనే ద్రావకంతో వాసన లాగాలి. తమిళనాడు కర్మాగారాల్లో చేసేది అదే. ముందు మైనంలాంటి ముద్ద వస్తుంది, దాన్ని ఆల్కహాల్‌తో కడిగితే సారం. గులాబీది ఇంకో తమాషా. దాని ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్ళలో కరిగిపోయి చాలామటుకు పన్నీరులోనే ఉండిపోతుంది. డేగ్‌లో మరిగించి తీసిన గులాబీ నూనెలో అది కొద్దిగానే దొరుకుతుంది, హెక్సేన్ దారిలో తీసిన సారంలో మాత్రం సగానికి పైగా అదే.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మరువం. కనకాంబరాల మధ్య మరువం రెబ్బ లేకపోతే మా అమ్మకు దండ దండే కాదు. పచ్చి మరువంలో ఆ తియ్యని వాసనకు మూలం సాబినీన్ హైడ్రేట్, దాని ఎసిటేట్. నీళ్ళలో వేసి మరిగిస్తే ఇవి రూపం మార్చుకుని టెర్పినెన్-4-ఓల్, టెర్పినీన్‌లుగా తేలతాయి. సీసాలోకి వచ్చే నూనెలో చాలా భాగం చెట్టు మీద లేనిది, పాత్రలో పుట్టింది! బొగ్గుపులుసు వాయువును గట్టి ఒత్తిడిలో పెట్టి, 31 డిగ్రీలు దాటిన కొద్దిపాటి వేడితోనే వాసన తీసే యంత్రాలూ ఉన్నాయి. వాటిలో ఈ మార్పు తక్కువ. కానీ అంత ఖరీదైన యంత్రం ఈ ఇసుక పర్రల్లోకి ఎవరు తెస్తారు?

సీసా మీద మొక్క పేరు రాస్తారు, ఎలా తీశారో చాలాసార్లు రాయరు. నా దృష్టిలో అది సగం పేరే.

ముందురోజు నింపిన భబ్కా తెల్లారేసరికి తేటపడింది. నూనె పైకి తేలింది. తాత అడుగు చిల్లు బిరడా తీసి నీళ్ళను వేరే పాత్రలోకి వదిలాడు. అవి పారబోసే నీళ్ళు కావు; మిఠాయిల్లోకి, బిర్యానీల్లోకి వెళ్ళే కేవడా నీళ్ళు అవే. నూనె మాత్రం, అన్ని పూలకు, దోసిటి అడుగున మిగిలేంత.

బయల్దేరబోతుంటే తాత లేత పసుపు రేకు ఒకటి ముళ్ళ అంచు గీరుకోకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. చిన్న సీసాడు రూహ్ కొన్నాను.

ఇంట్లో అమ్మ ముందు రెండూ పెట్టాను. సీసా మూత తీసి చూసి, "మిఠాయి కొట్టు ముందు నిలబడ్డట్టుంది" అంది. తర్వాత రేకు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్ళి రేకును ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల మధ్య పెట్టింది. సీసాను వంటింట్లో, యాలకుల డబ్బా పక్కన.