వాలిన గోడ

పాలమూరు కూలీల వలస గురించి లోకానికి కొత్తగా చెప్పవలసినది లేదు. ఒకప్పుడు ఆనకట్టలు కట్టిన చేతులే నేడు హైదరాబాదుకు పడమటి దిక్కున కోకాపేట, నార్సింగి ప్రాంతాలలో ఆకాశహర్మ్యాలను లేపుతున్నాయి. మా మద్రసాలో చదివే బాలల తండ్రులలో సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్, రంగుల పని చేసేవారే అధికం. నెలకొకసారి ఇంటికి వచ్చినప్పుడు, జుమా నమాజు ముగిశాక మస్జిదు అరుగుపై కూర్చుంటారు. వారి సంభాషణ కూలి రేట్ల దగ్గర మొదలై ‘సేఫ్టీ’ దగ్గరకు చేరుతుంది. అక్కడ గొంతులు హెచ్చుతాయి.

మే నెల ఎండలో హెల్మెట్ లోపలి చెమట కళ్ళలోకి దిగుతుంది. సేఫ్టీ బెల్టుకు రెండు కొక్కేలుంటాయి. ఒకటి తగిలి ఉండగా రెండవది ముందుకు మార్చుకుంటూ సాగాలని నియమం. కాని సెంట్రింగ్ కూలి రోజు లెక్కన కాదు, చదరపు అడుగు లెక్కన. కొక్కెం తీసి మరొకచోట తగిలించే ప్రతి నిమిషం కార్మికుని జేబు నుండే పోతుంది. ఉదయం శిక్షణ హిందీలో జరుగుతుంది. శ్రీకాకుళం నుండి వచ్చినవాడు తల ఊపి రిజిస్టరులో వేలిముద్ర వేస్తాడు. ఉదయం జరిమానా రాసిన అధికారే సాయంత్రం స్లాబు ఆలస్యమౌతున్నదని తొందరపెడతాడు. నియమం తమ ప్రాణం కోసమా, ఎవరి దస్త్రం కోసమా అని వారు అడిగితే తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఖతర్‌లో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన అరుగు మీద ఒక మాట అన్నారు. అక్కడ 2021 నుండి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుండి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో పని నిషిద్ధం. “అక్కడ రూలు పనిని ఆపుతుంది మౌలానా, ఇక్కడ కూలివాణ్ణి మాత్రమే ఆపుతుంది” అన్నారాయన. అక్కడ సర్వం సవ్యమని ఆయన ఉద్దేశం కాదు. ఆ కష్టాలు వేరే ఉన్నాయి.

నా వద్ద నాజిరా పూర్తి చేసిన ఒక యువకుడు అలాంటి ఒక టవరులో సెంట్రింగ్ విప్పే పని చేస్తున్నాడు. బెల్టు లేకుండా ఒకే నెలలో రెండుసార్లు దొరికాడు. రెండవసారి ఒక రోజు కూలి కోశారు. అధికారితో వాదించాడు. మేస్త్రీ వారం రోజులు ఇంట్లో కూర్చోమన్నాడు. “మౌలానా సాబ్, మీ మాట వింటాడు, బెల్టు కట్టుకోమని చెప్పండి” అని వాళ్ళమ్మ కన్నీళ్ళు పెట్టుకున్నది.

ఇషా తరువాత వచ్చాడు. “హజ్రత్, కట్టుకోనని నేననలేదు. కొక్కెం దేనికి తగిలించాలి? నేను విప్పుతున్న పైపుకేనా?” అన్నాడు. కాసేపటికి కోపం తగ్గి, “అయినా చావు రాసిపెట్టి ఉంటే బెల్టు ఆపుతుందా?” అన్నాడు.

రెండవ ప్రశ్న నా విద్యకు చెందినది గనుక దానినే ముందు పట్టుకున్నాను. షామ్ ప్రయాణంలో ఉన్న హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ అనే చోట మహమ్మారి వార్త విని, సహచరులను సంప్రదించి వెనుదిరిగిన ఉదంతం అతనికి తెలిసినదే. దైవ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని ప్రశ్నించిన హజ్రత్ అబూ ఉబైదా (ర)కు, తాము పోతున్నది కూడా దైవ నిర్ణయంలోనికేనన్న భావంతో ఆయన బదులిచ్చారు. పిట్టగోడ లేని మేడపై నిద్రించే వ్యక్తికి రక్షణ బాధ్యత ఉండదని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు సునన్ అబూ దావూద్‌లో ఉన్నది. అది చెప్పగా అతడు నవ్వి, “పిట్టగోడ ఇంకా కట్టని మేడ మీదనే కదా హజ్రత్, మేము పగలంతా ఉండేది” అన్నాడు.

ఆ నవ్వుతో మొదటి ప్రశ్న మళ్ళీ ముందుకు వచ్చింది. దానికి బెల్టు కట్టుకో అన్నది జవాబు కాదు. ముందు గుంతను మూయాలి, అంచుకు కంచె కట్టాలి, కింద వల కట్టాలి. ఇవి సాధ్యంకాని చోట మిగిలిన ప్రమాదానికి చివరి అడ్డు బెల్టు. భద్రతా నిపుణులు చెప్పే క్రమం ఇదే. పని స్థలాలలో ఈ క్రమం తలకిందులైంది. గుంతకు జాలీ వేయడం ఖర్చు. కూలివానికి జరిమానా వేయడం ఖర్చు కాదు.

ఎన్నో ఏళ్ళుగా నేను బోధిస్తున్న హిదాయా గ్రంథంలో రక్తపరిహారపు అధ్యాయం కింద రెండు విషయాలున్నాయి. దారిలో అనుమతి లేకుండా బావి తవ్వితే, అందులో పడి చనిపోయినవాని పరిహారపు బాధ్యత తవ్వినవాని వైపునే ఉంటుంది. రెండవది వాలిన గోడ. ఒకని గోడ బాటపైకి వాలి ఉన్నది. దానిని పడగొట్టమని బాటసారి కోరాడు, ఆ కోరికకు సాక్షులున్నారు, పడగొట్టడానికి తగిన వ్యవధి ఉన్నది. అయినా యజమాని పట్టించుకోలేదు. అప్పుడు ఆ గోడ కూలి జరిగిన నష్టానికి బాధ్యత అతనిదే. అడగనంతవరకు ఆ బాధ్యత అతనిపై నిలువదు. తలిబె ఇల్ములు ఈ పాఠాన్ని పాత కాలపు ముచ్చటగా చదివి ముందుకు పోతారు.

“మీ టవరులో లిఫ్ట్ గుంతలు తెరిచి ఉన్నాయా?” అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఎవరికి చెప్పావంటే, సూపర్‌వైజరుకు నోటిమాటగా చెప్పానన్నాడు. సాక్షులు లేరు, తేదీ లేదు.

కాగితం రాద్దామంటే వెంటనే ఒప్పుకోలేదు. “సంతకం పెడితే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు” అన్నాడు. ఆ భయం వట్టిది కాదు. ధైర్యం చెప్పడం నాకు సులభం, పస్తు అతనిది. అందుచేత బలవంతపెట్టలేదు. మూడు రోజుల తరువాత పదకొండు పేర్లతో వచ్చాడు. వారిలో ఒడిశావారు, శ్రీకాకుళంవారు, మన ఊరి దళిత సోదరులు ఇద్దరు ఉన్నారు. తెలుగులో నేనే రాసిపెట్టాను. ఏ అంతస్తులో ఏ గుంత తెరిచి ఉన్నది, ఏ వైపున కొక్కెం తగిలించే తాడు లేదు, ఏ తేదీన చూశారు, ఇంతే. జరిమానా సంగతి కూడా చేర్చమన్నాడు. వద్దన్నాను. రెండూ కలిపితే జరిమానాకు జవాబిచ్చి గుంతను వదిలేస్తారు.

ఈ పత్రిక చదివే ఇళ్ళలో తల్లులు, భార్యలు తెలుసుకోవలసిన రెండు సంగతులు ఇక్కడే చెబుతాను. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టాలతో సంక్షేమ మండలి, దాని కోసం నిర్మాణ వ్యయంపై సెస్సు ఏర్పడ్డాయి. 18 నుండి 60 ఏళ్ళ లోపు ఉండి, గడచిన సంవత్సరంలో 90 రోజులు ఈ పని చేసినవారు పేరు నమోదు చేసుకోవచ్చు. అది బిచ్చం కాదు, హక్కు. ఇక రెండవది. ప్రమాదంలో మనిషి పోయినప్పుడు ‘బెల్టు పెట్టుకోలేదు గనుక మీకేమీ రాదు’ అని చెప్పి, చేతిలో కొంత పైకం పెట్టి కాగితంపై సంతకం తీసుకునే అలవాటు ఉన్నది. పని కారణంగా మరణం సంభవిస్తే, మృతుడు రక్షణ పరికరం వాడలేదన్న సాకుతో యజమాని పరిహారం ఎగవేయలేడని చట్టంలోనే ఉన్నది. దుఃఖంలో ఉన్నప్పుడు చదవని కాగితంపై సంతకం చేయకండి.

కాగితం అందిన ఐదవ రోజున లిఫ్ట్ గుంతలకు జాలీలు వేశారు. రెండు వైపుల ఉక్కు తాడు కట్టారు. జరిమానాలు యథాతథంగా ఉన్నాయి. మేస్త్రీకి కోపం వచ్చి మా అబ్బాయిని పక్క టవరుకు పంపాడు, ఆ మార్పులో నాలుగు రోజుల కూలి పోయింది. ఆ నాలుగు రోజుల లెక్క వాళ్ళమ్మ నాకు రెండుసార్లు వినిపించింది. ఇప్పుడు బెల్టు కడుతున్నాడు, సణుగుతూనే. పక్క టవరులో తాడు లేదట. పాత కాగితం నకలు నా దగ్గర ఉన్నది. అంతస్తుల సంఖ్య, తేదీ మార్చి మళ్ళీ రాసిపెట్టమని నిన్న ఫోను చేశాడు.