యాటను ఎవరు కోసిన్రు?

పాలమూరులో గడియారం చౌరస్తా ఉంది, నల్లగొండలోనూ ఉంది. ఆస్పత్రి పని మీదో, పిల్లల కాలేజీ పని మీదో కొత్తగా బస్సు దిగిన ముస్లిం కుటుంబం మధ్యాహ్నం పూట ఆ చౌరస్తాకు చేరితే ఎటు చూసినా బిర్యానీ బోర్డులే. కొన్నిటి మీద హలాల్ అన్న మాట కూడా రాసి ఉంటుంది. తెలిసిన మనిషి బోర్డు చదివి ఊరుకోడు. గల్లా దగ్గరికి పోయి, "చాచా, గోష్ కహాఁ సే ఆతా?" అని అడుగుతాడు. ఫలానా గల్లీలో ఫలానా దుకాణం అని తడుముకోకుండా చెబితే పిల్లల్ని కూర్చోబెడతాడు. అవతలి మనిషి నీళ్లు నమిలితే ఇంకో హోటల్ చూసుకుంటాడు. హలాల్ ధ్రువపత్రాలు మాంసం ఎగుమతి చేసే కంపెనీలకు అవసరం కావచ్చు. నాలుగు బల్లలున్న హోటల్‌కు మాత్రం ఆ జవాబే పూచీ.

నిజానికి ఎవరు కోశారన్న ప్రశ్న ముస్లింల ఇళ్లకే పరిమితమైంది కాదు. తెలంగాణ పల్లెల్లో పెళ్లికో పండుగకో యాటను కోయాలంటే హిందువుల ఇళ్లలోనూ ముల్లాకు కబురు పంపడం పాత ఆనవాయితీ. ఆయన వచ్చి, బిస్మిల్లా అని కత్తి పెట్టి, తన వాటా తీసుకుని పోయేవాడు. కటికె దుకాణాల్లోనూ చాలాచోట్ల కోత ముల్లాది, తోలు ఒలిచి ముక్కలు కొట్టే పని కటికెవాళ్లది. పెట్టేవాళ్ల మతం ఏదైనా, పిలిచిన సాయబు చుట్టం సందేహం లేకుండా తినడానికి ఈ ఏర్పాటు వీలు కల్పించింది. ఇంత మర్యాద దాగున్న ఆచారాలు ఊళ్లలో ఎక్కువ ఉండవు.

హలాల్ కోతకు నియమాలున్నాయి. జీవి బతికి ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి. కత్తి బాగా పదునుగా ఉండాలి, కానీ దాన్ని జీవి కళ్ల ముందు నూరకూడదు. ఒకదాని ఎదుట ఇంకోదాన్ని కోయకూడదు. అల్లా పేరు చెప్పి గొంతు దగ్గర గాలిగొట్టం, అన్ననాళం, రక్తనాళాలు తెగేలా కోసి, రక్తమంతా కారిపోనివ్వాలి. ఇక కోయడానికి జీవాలకు ఇక్కడ కొదవ లేదు: 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అన్నిటికంటే ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ. ఆ లెక్క సుమారు 1.9 కోట్లు. గొల్లకురుమల మందలు ఊరి చుట్టూ ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో తెల్లారి కోసిన మాంసమే పొద్దున వంటకు దొరుకుతుంది. ఫ్రీజర్ సరుకుతో నెట్టుకొచ్చే హోటల్ కంటే ఆ తాజా మాంసం వండే చోట రుచి కూడా మేలు.

హిందూ ముస్లింల ఈ పొత్తు కంటికి కనబడాలంటే దర్గాలకు పోవాలి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి ఇప్పుడు రంగారెడ్డిలోకి వచ్చిన కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గా, పాత నల్లగొండలోని జాన్‌పహాడ్ దర్గా, ఈ రెండుచోట్లా హిందువులూ ముస్లింలూ మొక్కు తీర్చుకోవడానికి కందూరు చేస్తారు. యాటను తెచ్చి, ముల్లా చేత కోయించి, ఫాతిహా ఇప్పించి, అక్కడే మూడు రాళ్ల పొయ్యి పెడతారు. ఒక గిన్నెలో బగారా అన్నం, ఒక గిన్నెలో కూర. పక్క చెట్టు కిందివాళ్లను కూడా పిలిచి పెడతారు. నల్లగొండ పల్లెల్లో సైదులు, సైదమ్మ అనే పేర్లున్న హిందువులు ఇంతమంది ఉన్నారంటే ఆ మొక్కులే కారణం.

పట్నంలో జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది. వైన్‌షాపుకు ఆనుకుని పర్మిట్ రూం, దాని ముందు బోటి ఫ్రై, చికెన్ పకోడీ బండ్లు. మాంసం హలాల్‌దే అయినా మద్యం పక్కన కుటుంబంతో నిలబడి తినడానికి నమాజీలు ఇష్టపడరు. వాళ్లకు మసీదు గల్లీ బండ్లే నయం. మగ్రిబ్ నమాజు వేళకు సీకులు నిప్పుల మీదికి వస్తాయి, ఉల్లిపాయ చక్రాలూ నిమ్మచెక్కా కాగితంలో పడతాయి.

చేపకైతే ఈ చిక్కే లేదు. దానికి కోత నియమం వర్తించదు. గద్వాల, వనపర్తి దారిలో పోయేవాళ్లు జూరాల డ్యాం దగ్గర ఆగి కృష్ణ చేపల్ని వేయించుకుని తినడం అందుకే అందరికీ తేలిక. కారం పట్టించిన ముక్కల్ని బండిమీద వరసగా పేర్చి పెడతారు. వేలుపెట్టి చూపిస్తే దాన్నే నూనెలో వేస్తారు. పిండిలో ముంచని చేపైనా అంచులు కరకరలాడతాయి, లోపల తెల్లగా, మెత్తగా ఉంటుంది.

రంజాన్ నెల వస్తే వెతుకులాట అక్కర్లేదు. అరబ్బుల హరీస్ దక్కన్ మసాలాలు తొడుక్కుని హలీం అయింది. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది, మన దేశంలో ఆ గౌరవం పొందిన మొదటి మాంసాహారం అదే. ఇప్పుడు పాలమూరు, నల్లగొండ రోడ్ల మీదా ఇటుకా మట్టీ కలిపి భట్టీ కడుతున్నారు. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి డేగిసాలో పడి గంటల తరబడి ఉడుకుతాయి. ఆ తర్వాత ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కర్ర ఘోట్నాలతో దంచుతారు. ఒకరి దెబ్బ పడేటప్పటికి రెండోవారి కర్ర పైకి లేచి ఉండాలి. చెమట కళ్లలోకి దిగుతున్నా లయ తప్పదు. గోధుమ ఏదో, మాంసం పోగు ఏదో తెలియకుండా కలిసి, గరిటె ఎత్తితే తీగలా సాగాలి. దంచేవాళ్లలో ఉపవాసం ఉన్నవాళ్లూ ఉంటారు. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసి చూడకుండానే అంచనా కడతారు.

ఇఫ్తార్ సైరన్ మోగగానే ముందు ఒక ఖర్జూరం, ఓ గ్లాసు నీళ్లు. అప్పటికే భట్టీ ముందు క్యూ మొదలై ఉంటుంది. వరసలో టోపీలు పెట్టుకున్నవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు, డ్యూటీ దిగిన ఆర్టీసీ డ్రైవర్లు. "అన్నా, నెయ్యి కొంచెం ఎక్కువెయ్యి" అని వెనక నుంచి ఎవరో అరుస్తారు. గరిటె పట్టుకున్న సాయబు "హౌ" అంటూ ఇంకో చెంచా పోస్తాడు.