అమ్మ ఆశ్రమంలో వుంటే ఇంటి బిల్లుల మాటేమిటి?

తల్లినో తండ్రినో వృద్ధుల ఆశ్రమంలో చేర్పించినవాళ్లు నా దగ్గరకు తరచు వస్తూ వుంటారు. రక్తపోటు మాత్ర పొద్దున వేయాలా రాత్రి వేయాలా, నిద్ర పట్టకపోతే ఏం చేయాలి, అన్నం మెత్తగా పెట్టమని ఆశ్రమం వాళ్లకు ఒక చీటీ రాసిస్తారా అని అడుగుతారు. అన్నీ సబబైన ప్రశ్నలే. కాని, "డాక్టరుగారూ, అమ్మ ఇంటికి వచ్చే కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? కట్టిన సంగతి అమ్మకు చెప్పాలా, వద్దా?" అని అడిగినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. అది డాక్టరును అడగవలసిన ప్రశ్న కాదని వారి ఉద్దేశం.

నా ఉద్దేశంలో అది వైద్యానికి సంబంధించిన ప్రశ్నే. ఈ సంగతి నేను వైద్యగ్రంథాల్లో చదివినదానికంటె మా అమ్మ దగ్గర చూసి తెలుసుకున్నదే ఎక్కువ.

జబ్బు ముందుగా బయటపడేది బిల్లుల్లోనే

మాది పాతబస్తీ. లాల్ దర్వాజా దగ్గర ఒక గల్లీలో మా ఇల్లు. నాన్నగారున్న రోజుల్లోనే బిల్లుల పని అమ్మది. అప్పట్లో కరెంటుకు ఒక క్యూ, నల్లా బిల్లుకు ఇంకొక క్యూ, ఇంటి పన్నుకు బల్దియాలో మరొక క్యూ. 2001 ఆగస్టులో జంటనగరాల్లో ఈ-సేవ కేంద్రాలు మొదలై అన్ని బిల్లులూ ఒకేచోట కట్టే వీలు వచ్చినప్పుడు, మా గల్లీ ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి అక్కడి పద్ధతి నేర్పింది అమ్మే. ఏ ఏడాది రసీదులు ఆ ఏడాదివి దారంతో కుట్టి బీరువాలో పెట్టేది.

అటువంటి మనిషి ఒకే వారంలో నల్లా బిల్లు రెండుసార్లు కట్టింది. అదే నెల కరెంటు బిల్లు పరుపు కింద మడత విప్పకుండా కనిపించింది. అప్పటికి ఆమెకు పేర్లు జ్ఞాపకమున్నాయి, పులిహోర ఎప్పటిలాగే కుదురుతున్నది, పూజలో ఒక్క మాట తప్పడం లేదు. చూసినవారెవరైనా "వయసు మీద పడింది, అంతే" అనేవారు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. డబ్బు లెక్క చూడటం మెదడుకు చాలా పెద్ద పని. గడువు జ్ఞాపకం పెట్టుకోవాలి, అంకెలు కూడాలి, పాత కాగితాన్ని కొత్త కాగితంతో పోల్చాలి, ఏది ముందు కట్టాలో నిర్ణయించాలి. వంట, పూజ చాలాకాలం అలవాటు మీద సాగిపోతాయి. బిల్లు అలా సాగదు. అందుకే డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు తొలి దశలోనే డబ్బు వ్యవహారాల్లో తల ఎత్తుతుంది. మనదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు వుంటుందని 2023లో వెలువడిన ఒక జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవారు కట్టిన బిల్లే మళ్లీ కడుతున్నా, దుకాణంలో చిల్లర లెక్క తేలక పెద్ద నోటు యిచ్చి వచ్చేస్తున్నా, ఎవరో ఫోను చేస్తే ఓటీపీ చెప్పేస్తున్నా కోప్పడకండి. డాక్టరుకు చూపించండి. మతిమరుపు అంతా అల్జీమర్స్ జబ్బే కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తక్కువ కావడం, రక్తంలో సోడియం పడిపోవడం, మనోవ్యాకులత, చెవుడు, నిద్రమాత్రలు కూడా ఇలాగే కనిపిస్తాయి. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు లోపల రక్తం చేరినా ఇదే తీరు. వీటికి చాలావరకు చికిత్స వుంది. మా అమ్మకు పరీక్షలన్నీ చేయించాం. చివరికి అల్జీమర్స్ అనే తేలింది.

సంతకం చేయగలిగిన రోజుల్లోనే

జబ్బు పేరు తెలియగానే సగం కుటుంబాలు పెద్దవారిని ఏమీ అడగటం మానేస్తాయి. ఇది సరికాదు. నిర్ణయశక్తి ఒక్కరోజులో పోయేది కాదు. కూడికలు తప్పుతున్న మనిషి కూడా "నా డబ్బు ఎవరు చూడాలి?" అనే ప్రశ్నకు నికరంగా జవాబు చెప్పగలదు. ఆ జవాబు వినవలసిన కాలం అదే.

చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలనుకుంటారు. మన చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ అధికారం కూడా పోతుంది. ఆ తర్వాత సంరక్షకుణ్ణి నియమించమని కోర్టుకు వెళ్లవలసి వస్తుంది. అందువల్ల తెలివి బాగా వున్నప్పుడే బిల్లుల కోసం ఒక బ్యాంకు ఖాతాను 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో ఇద్దరి పేర్ల మీద తెరవడం మంచిది. పెన్షన్ ఖాతాకు నియమాలు వేరుగా వుంటాయి, బ్యాంకులో అడిగి తెలుసుకోండి. నామినేషన్లు సరిచూసుకోండి. మనిషి మంచాన పడి సంతకం చేయలేకపోతే, బ్యాంకు అధికారి ఒకరు, మరొకరు సాక్షులుగా వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో వుంది. 70 ఏళ్లు దాటినవారికి ఇంటివద్దే సేవలందించమని కూడా 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇవి వుండగా అమ్మ ఏటీఎం కార్డు, రహస్య నంబరు మీ జేబులో పెట్టుకుని తిరగడం దేనికి? రేపు అన్నదమ్ముల మధ్య మాట వస్తే మీ దగ్గర ఏ కాగితమూ వుండదు.

ఇంకొక హెచ్చరిక. "ఎలాగూ చూసుకునేది నేనే" అంటూ తొందరపడి ఇల్లు రాయించుకోకండి. పెద్దలు కూడా తొందరపడి రాసివ్వకండి. పోషిస్తామన్న షరతు మీద ఆస్తి తీసుకుని పోషించకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరే హక్కు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను యిస్తున్నది.

"మీకెందుకమ్మా అవన్నీ?"

2022లో అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గాని, రాత్రింబవళ్లు మనిషి తోడు కావలసి వచ్చింది. నాది ఆసుపత్రి ఉద్యోగం. తమ్ముడు అమెరికాలో వున్నాడు. కుదిరిన ఆయాలు నెల నిలవలేదు. చివరికి ఊరి అంచున వున్న ఒక ఆశ్రమంలో చేర్పించాం. "పిల్లలుండి ఆశ్రమమేంది?" అని గల్లీలో అన్నవారున్నారు. ఆ మాట పడ్డాం.

చేరిన మొదటి వారాల్లో అమ్మ అరగంటకొకసారి ఒకటే అడిగేది: "కరెంటు బిల్లు ఎంతొచ్చింది బిడ్డా? కట్టినవా?" అక్కడి ఆయాలు మంచి మనసుతోనే, "మీకెందుకమ్మా అవన్నీ? మీ పిల్లలు చూసుకుంటరు" అనేవారు. సాయంత్రమయ్యేసరికి అమ్మకు ఆందోళన, మంచం దిగి పోబోవడం, అన్నం తోసేయడం. ఇటువంటి సమయంలో చాలామంది నిద్రమాత్ర రాయమంటారు. తుంటి విరిగిన వృద్ధురాలికి నిద్రమాత్ర అంటే మళ్లీ పడటానికి దారి చూపడమే.

నలభై ఏళ్లపాటు ఒక ఇంటి లెక్క చూసిన మనిషికి "మీకెందుకు" అంటే, ఆ ఇంట్లో ఇక మీరు లేరని చెప్పినట్టే. మాట గుర్తుండకపోవచ్చు గాని, ఆ బాధ మిగిలిపోతుంది. అందుకని మేము మందు కాదు, ఒక పద్దు పుస్తకం పెట్టాం. తేదీ, బిల్లు పేరు, మొత్తం, పక్కన పెద్ద అక్షరాలతో 'కట్టాము'. కింద రసీదు అతికించడం. ఫోనులో కట్టినా సరే, కాగితం మీద అచ్చు తీయించి అతికించాం. పుస్తకం ఆమె దిండు పక్కనే. అడిగినప్పుడల్లా పేజీ తీసి చూపించమని ఆయాలకు చెప్పాం. "ఇందాకే చెప్పాను కదా" అనే మాట ఎవరూ అనకూడదని కూడా చెప్పాం. ప్రశ్న ఆగలేదు. కాని సాయంత్రాలు శాంతించాయి, అన్నం లోపలికి పోయింది.

ఇంటి సంగతి వచ్చినప్పుడు కూడా అంతే. తమ్ముడు, "ఖాళీ ఇంటికి కరెంటు, నల్లా ఎందుకు? కనెక్షన్లు తీయించేద్దాం" అన్నాడు. ఖర్చు లెక్క చూస్తే అతని మాటలో తప్పు లేదు. అమ్మనే అడుగుదామన్నాను. అడిగాం. ఆమె కాసేపు ఆలోచించి, "ముందటి అర్రలు కిరాయికియ్యి. దేవుని అర్ర తాళంచెయ్యి నా దగ్గర్నే ఉండాలె" అంది. అలాగే చేశాం. కిరాయి డబ్బు ఆశ్రమం ఖర్చులో కొంత భరిస్తున్నది. తాళంచెవి ఆమె కొంగున వుంది.

ఏయే బిల్లులు చూడాలి?

డాక్టరుగా నేను మొదటి స్థానం ఆరోగ్య బీమా ప్రీమియానికి యిస్తాను. పాలసీ రద్దయి కొత్తది తీసుకుంటే, పాత జబ్బులకు నిరీక్షణ కాలం మళ్లీ మొదలవుతుంది. అది మూడేళ్లదాకా వుండవచ్చు. ఆ తర్వాత పెన్షన్. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ యివ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. కేంద్ర పెన్షనర్లకు నవంబరు నెల, 80 దాటినవారికి అక్టోబరు నుంచే అవకాశం. ఇతరులు తమ కార్యాలయంలో గడువు కనుక్కోవాలి. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ఫోను కెమెరాకు ముఖం చూపించినా చాలు, మంచం మీద వున్నవారిని మోసుకుని తిరగనక్కరలేదు.

ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే బల్దియా 5 శాతం తగ్గిస్తూ వస్తున్నది. గడువు మీరితే నెలకు 2 శాతం చొప్పున అదనంగా పడుతుంది. ఇంటికి తాళం వేసి వుంటే గ్యాసు రెగ్యులేటరు తీసేయండి, నల్లా వాల్వు కట్టేయండి. నెలకొకసారి మీటరు ఫొటో తీసుకోండి. కారిపోయే ఒక్క నల్లా మూసిన ఇంట్లో వేల లీటర్లు తాగేస్తుంది.

ఏ ఫోనులోనూ కనిపించని బాకీలు కొన్ని వుంటాయి. కిరాణా ఖాతా, పాలవాడి లెక్క, పనిమనిషి జీతం, గల్లీ చిట్టీ, ఆషాఢంలో బోనాల చందా. వీటిని పెద్దవారిని అడిగే రాసుకోవాలి. మా అమ్మ పేరు మీద చందా రసీదు ప్రతి ఏడూ వస్తున్నది. అది చిన్న మొత్తమే, కాని గల్లీలో ఆమె పేరు దానితోనే నిలిచి వుంది.

ఆశ్రమంలో చేర్చేటప్పుడే నెల రుసుములో ఏవేవి వస్తాయో రాతలో తీసుకోండి. డైపర్లు, ఫిజియోథెరపీ, ప్రత్యేకంగా ఆయా, అంబులెన్సు చాలాచోట్ల వేరు. పెద్దవారి డబ్బు పెద్దవారి ఖర్చుకే వాడి, ప్రతినెలా లెక్క తోబుట్టువులందరికీ పంపండి. తోబుట్టువుల తగాదాలతో రక్తపోటు పెరిగి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. మోసపు ఫోను వల్ల డబ్బు పోతే వెంటనే 1930కి, వృద్ధుల యితర యిబ్బందులకు 14567కి ఫోను చేయవచ్చు.

ప్రశ్న తగ్గుతూ వస్తే

మొదట్లో అమ్మ "ఎంతొచ్చింది?" అని అడిగేది. ఏడాది గడిచాక "కట్టినవా?" మాత్రమే మిగిలింది. ఇప్పుడు ఏమీ అడగదు. జబ్బు ఎంత నడిచిందో నాకు ఏ స్కానింగూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. ఆ ప్రశ్న విసుగు పుట్టించిన రోజులు తలచుకుంటే, అది వున్నంతకాలం ఎంత భాగ్యమో అనిపిస్తుంది. అయినా ఆదివారం వెళ్లినప్పుడు పద్దు పుస్తకం తీసి చదువుతూనే వుంటాను. అంకెలు ఎక్కకపోయినా, రసీదు అంచు లేచి వుంటే వేలితో సరిచేస్తుంది.

మీ పెద్దవారు యింకా అడుగుతూ వున్నట్లయితే ఓపికగా జవాబు చెప్పండి. బిల్లు మీరు కట్టండి, లెక్క మాత్రం వారికి వినిపించండి. ఈసారి వెళ్లేటప్పుడు పండ్లతోపాటు కట్టిన రసీదు కూడా చేతిలో పట్టుకుని వెళ్లండి.