సగం దాటాక

మా ఇంట్లో విమానం ఉందంటే మీరు నవ్వుతారేమో గాని, ఉంది. ముందు గదిలో బట్టల బీరువాకీ కిటికీకీ మధ్య, మా అబ్బాయి కంప్యూటర్లో. ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారట దాన్ని. మా పెద్దది చదువుకని బోస్టన్ వెళ్లి పధ్నాలుగు నెలలైంది. సరిగ్గా అప్పట్నించీ వీడికి అట్లాంటిక్ పిచ్చి పట్టుకుంది.

రాత్రి ఎనిమిదింటికి అన్నానికి పిలుస్తాను. "వస్తున్నానమ్మా, ఇంకా ఐర్లాండు దాటలేదు" అంటాడు. తొమ్మిదింటికి పిలుస్తాను. "ఇప్పుడెలా వస్తానమ్మా, సముద్రం మీద ఉన్నాను" అంటాడు. లండన్ నుంచి న్యూయార్క్‌కి అసలు విమానానికి ఏడెనిమిది గంటలు పడితే, వీడి విమానానికీ అంతే పట్టాలి. కాలాన్ని గబగబా నడిపే మీట ఉందట గాని, అది దొంగాటట! పప్పు గడ్డకట్టి, చారు రెండుసార్లు పొయ్యెక్కి దిగుతుంది. "ఆ విమానం గదిలోంచి కదలదు గదా, తినేసి వెళ్లరాదుట్రా?" అంటారు మా అత్తగారు. ఆ ప్రశ్నకి మాత్రం వాడి దగ్గర జవాబు లేదు.

మొన్న ఆదివారం సాయంత్రం ఇక ఊరుకోకూడదనుకుని, బత్తాయి వలుస్తున్నదాన్ని అలాగే లేచి గదిలోకి వెళ్లాను. వాడు విమానం నడపడం లేదు. కాగితం మీద లెక్కలు వేసుకుంటున్నాడు. సముద్రం దాటాలంటే నడపడం కన్నా ముందు దారి వేసుకోవడమే పెద్ద పనట.

నేను బి.ఏ. చదివాను నిజమే గాని, పరీక్షలో భారతదేశం పటం గీసి సింహళం మరిచిపోయిన ఘనురాలిని. అయినా నా కంటికి కూడా వాడు గీసిన గీత వంకరగా కనిపించింది. లండన్ నుంచి న్యూయార్క్‌కి తిన్నగా పోక, పైకి విల్లులా వంగి ఉంది.

"ఇదేమిట్రా, చుట్టుతిరుగుడు దారి?"

వాడు నా చేతిలోని రెండో బత్తాయి లాక్కుని, దానిమీద నా పూలదారం బిగించి చూపించాడు. గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అదే. దాన్ని బల్లపరుపు కాగితం మీదికి తెచ్చేసరికి మన కంటికి వంకర.

ఇంకో వింత చెప్పాడు. అట్లాంటిక్ మీద దారులు రోజూ మారతాయట. ఆకాశంలో బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకి పెద్ద గాలి ప్రవాహం ఒకటి ఉంటుంది. అది ఏ రోజు ఎటు వంగిందో చూసి, పగలు అమెరికా వెళ్లే విమానాలకి ఆ గాలి తప్పించే దారులు గీస్తారు. రాత్రి అటునుంచి వచ్చేవాటికి ఆ గాలి కలిసొచ్చే దారులు గీస్తారు. పోయే దారులకి ఏ, బీ, సీ అని మొదటి అక్షరాలు, వచ్చే దారులకి జడ్, వై, ఎక్స్ అని చివరి అక్షరాలు. మనం తెల్లవారగానే వాకిట్లో కొత్త ముగ్గు వేసినట్టు, ఎవరో రోజూ సముద్రం మీద ముగ్గు వేస్తున్నారన్నమాట!

"మరి ఈ పక్కన రాసుకున్న ఊళ్లేమిటి? ఇవి నీ దారిలో లేవు గదా" అన్నాను.

"అవి ఏదైనా అయితే దిగడానికమ్మా" అన్నాడు.

రెండింజన్ల విమానంలో ఒక ఇంజను ఆగిపోతే, రెండోదానితో ఇంత సమయంలో చేరగలిగేలా ఎక్కడో ఒక విమానాశ్రయం ఉండి తీరాలి. ఒకప్పుడు గంట ప్రయాణం మించకూడదనేవారట. 1985లో రెండు గంటలకి ఒప్పుకున్నారు, తర్వాత ఇంకా పెంచారు. ఇటు ఐర్లాండులో షానన్, అటు కెనడా అంచున గాండర్. 2001 సెప్టెంబరు 11న అమెరికా ఆకాశం మూసేసినప్పుడు ఆ గాండర్‌లో 38 పెద్ద విమానాలు దిగాయి. పదివేల మంది ఉన్న ఊరు ఆరున్నర వేల మందిని బడుల్లో, చర్చిల్లో, ఇళ్లల్లో ఉంచుకుని అన్నం పెట్టింది.

గుమ్మంలో నిలబడి వింటున్న మా అత్తగారు, "అంతేగా మరి! హనుమంతుడంతటివాడు దాటుతుంటేనే సముద్రుడు మైనాకుణ్ణి పైకి లేపి, కాస్త ఆగి వెళ్లు నాయనా అనిపించాడు" అన్నారు.

వాడి పటం మీద నడిసముద్రంలో ఎర్రచుక్క ఒకటి ఉంది. "ఇదేనా సగం?" అన్నాను.

"సగం కాదమ్మా. సగం వెనకే ఉండిపోయింది. ఇక్కడిదాకా ఏదైనా అయితే వెనక్కి, ఇది దాటితే ముందుకి."

"సగం దాటాక ఎలాగూ ముందుకి పోవడమేగా?"

"ఎదురుగాలి ఉంటే కాదు" అని లెక్క వేసి చూపించాడు. షానన్ నుంచి గాండర్‌కి సుమారు 3200 కిలోమీటర్లు. విమానం వేగం గంటకి 850 అనుకుందాం, ఎదురుగాలి 150. ముందుకి పోతే గంటకి 700, వెనక్కి తిరిగితే అదే గాలి తోస్తుంది గనక 1000. అందుకని సగం దాటి మరో 280 కిలోమీటర్లు పోయినా, వెనక్కి రావడమే తొందర.

చేతిలో బత్తాయి తొన అలాగే ఉండిపోయింది.

పది రోజుల కిందట మా పెద్దది ఫోన్లో ఏడ్చింది. చదువు తలకెక్కడం లేదు, నిద్ర పట్టడం లేదు, వచ్చేస్తానమ్మా అంది. నేనేమన్నానో తెలుసా? "సగం పైన అయిపోయిందిగా, ఇంకెంత, కళ్లు మూసుకుని పూర్తిచేసెయ్యి" అన్నాను. బ్యాంకు అప్పు గుర్తుచేశాను. నలుగురూ ఏమనుకుంటారన్నాను. అది "సరేనమ్మా" అని పెట్టేసింది. ఆ తర్వాత పది రోజులూ "తిన్నాను, పడుకున్నాను" అని రెండేసి ముక్కలే.

అత్తవారింటికి పంపినా, అమెరికా పంపినా, పిల్లకి మనం ఊరగాయలు కడతాం, పసుపూ కుంకుమా పెడతాం, బుద్ధులు చెబుతాం. ఏదైనా అయితే ఎక్కడ దిగాలో మాత్రం చెప్పం. చెబితే అపశకునం మనకి! మూడువందల మందిని ఎక్కించుకున్న విమానం ఆ మాట కాగితం మీద రాసుకుని గాని కదలదే!

ఆ రాత్రే ఫోన్ చేశాను. వాళ్లకి పొద్దున్న.

"అమ్మలూ, ఆవేళ నేనన్న మాట తప్పే. సగం దాటావు గనక తిరిగి రాకూడదని ఎక్కడా లేదు. గాలి ఎదురుగా ఉంటే సగం దాటాక కూడా ఇల్లే దగ్గర" అన్నాను.

"అమ్మా, నీకు ఒంట్లో బాగానే ఉందా?" అంది.

షానన్, గాండర్, మైనాకుడు, బత్తాయి, అన్నీ కలిపి చెప్పాను. ఏం అర్థమైందో గాని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మరి అప్పో?" అంది.

"ముందు విమానం దిగనీ, పెట్రోలు లెక్కలు తర్వాత మీ నాన్నా నేనూ చూసుకుంటాం" అన్నాను. మా వారు పక్కనుంచి తల ఊపారు. ఫోన్లో తల ఊపితే కనపడదని ఆయనకింకా తెలియదు.

అది మళ్లీ ఏడ్చింది. కాని ఈసారి ఫోన్ పెట్టెయ్యలేదు. గంటసేపు మాట్లాడింది.

పరీక్షలయ్యాక ఏ సంగతీ చెబుతానంది. వస్తుందో, ఉంటుందో నాకు తెలియదు. "హనుమంతుడు మైనాకుడి మీద ఆగలేదు, చేత్తో తాకి వెళ్లాడు" అని మా అత్తగారు ధైర్యం చెప్పారు. "ఆగినా తప్పులేదు లెండి అత్తయ్యా" అన్నాను.

నిన్న రాత్రి మావాణ్ణి బోస్టన్ నుంచి లండన్, లండన్ నుంచి హైదరాబాదు దారి వెయ్యమన్నాను. "ఇటు రావడం సుళువమ్మా, వెనకగాలి" అంటూ గీశాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఈసారి నేను పిలవలేదు. పప్పన్నం కలిపి కంచం బల్ల దగ్గరికే తీసుకెళ్లి, ముద్ద చేసి నోట్లో పెడుతూ అడిగాను:

"ఎర్రచుక్క దాటిందిట్రా?"