ఈవా మాట ఎవరు విన్నారు?

ఇది దెయ్యాల నవల కాదు. అయినా హాస్టల్లో రాత్రి రెండింటికి చదువుతుంటే లైట్ ఆపబుద్ధి కాలేదు. పేరు 'వి నీడ్ టు టాక్ అబౌట్ కెవిన్'. అమెరికన్ రచయిత్రి లయొనెల్ ష్రైవర్ రాసింది. 2003లో వచ్చింది, 2005లో ఆరెంజ్ ప్రైజ్ గెలుచుకుంది. 2011లో సినిమా కూడా తీశారు.

ఇంకొద్ది రోజుల్లో పదహారేళ్ళు నిండుతాయనగా కెవిన్ తన స్కూల్లోనే తోటి విద్యార్థుల్ని చంపేస్తాడు. ఇది ట్విస్ట్ కాదు, ముందే తెలిసిపోతుంది. ఆ తర్వాత వాళ్ళమ్మ ఈవా, భర్త ఫ్రాంక్లిన్‌కి రాసే ఉత్తరాలే నవలంతా. ఒక్కదానికీ జవాబు రాదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది, అది మాత్రం చెప్పను.

నన్ను భయపెట్టింది హత్యలు కాదు, పురుడు. ఈవా ట్రావెల్ గైడ్‌లు వేసే కంపెనీ నడుపుతుంది. పిల్లలు కావాలా వద్దా అని చాలాకాలం ఊగిసలాడి కంటుంది. బిడ్డను గుండెల మీద పెట్టగానే అందరూ చెప్పే ఆ ప్రేమ పొంగుతుందని ఎదురుచూస్తుంది. ఏమీ రాదు. బిడ్డ కూడా పాలు తాగకుండా మొహం తిప్పేసుకుంటాడు. భర్తకి చెప్తే నమ్మడు, ఎందుకంటే అతని ముందు కెవిన్ చాలా మంచి పిల్లాడు.

తల్లి ప్రేమించకపోవడం వల్ల కెవిన్ అలా అయ్యాడా, పుట్టుకతోనే అంతా? నవల తేల్చదు. మన దగ్గరున్నది ఈవా వెర్షన్ ఒక్కటే. ఒక్క మెషీన్ లాగ్ ఇచ్చి నెట్‌వర్క్ మొత్తం డీబగ్ చెయ్యమన్నట్టు ఉంటుంది. కానీ ఈవా తన తప్పుల్ని డిలీట్ చెయ్యదు. ఒకసారి కోపంలో కెవిన్‌ని విసిరేస్తే చెయ్యి విరుగుతుంది. వాడే పడిపోయానని అబద్ధం చెప్తాడు, ఈవా ఆ అబద్ధాన్ని అలాగే ఉండనిస్తుంది. ఇది కూడా రాసింది కాబట్టే నేను ఆమెని నమ్మాను.

చెడ్డ కొడుకు ఉంటాడేమోగానీ చెడ్డ తల్లి ఉండదని మనవాళ్ళు అంటారు. మా పెద్దమ్మ కూతురు పురిటికి పుట్టింటికొచ్చినప్పుడు, బాబు పుట్టిన పదో రోజో ఏమో, "వీణ్ణి చూస్తే నాకేమీ అనిపించట్లేదమ్మా" అంది. "అలా అనకూడదు, కళ్ళు పోతాయి" అంది పెద్దమ్మ. బాలింత ఏం తినాలి, చెవుల్లో దూది పెట్టుకుందా, సాంబ్రాణి వేశారా అని ఇంట్లో అందరూ అడిగారు. ఆ మాట గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అక్క మళ్ళీ ఎత్తలేదు.

అక్క ఈవా కాదు, మా బుడ్డోడు కెవిన్ అసలే కాదు. కానీ కొత్తగా తల్లైన వాళ్ళలో దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దానికి వైద్యం ఉంది. డాక్టర్ దాకా వెళ్ళాలంటే ముందు ఆ మాట బయటికి రావాలి, వచ్చినప్పుడు ఎవరో ఒకరు వినాలి.

నవల పేరుకి అర్థం, కెవిన్ గురించి మనం మాట్లాడుకోవాలి అని. పుస్తకమంతా వెతికినా ఆ భార్యాభర్తలు సరిగ్గా చెయ్యని పని అదే. ఈవా చివరికి ఉత్తరాల్లో మాట్లాడుతుంది, అప్పటికి వినేవాళ్ళు లేరు.

కాస్త బరువైన పుస్తకం, సెమిస్టర్ ఎగ్జామ్స్ ముందు మొదలుపెట్టకండి. సెలవుల్లో చదవండి. నా కాపీ ఉంది, అడిగితే ఇస్తాను.