విఘ్నేశ్వరుడు విడిపోయిన వైనం

ఏ పని తలపెట్టినా స్వయంభూ విఘ్నేశ్వరుని స్మరించుకోవడం మా చోడవరం వాళ్ళ ఆచారం. 2022లో మా ఊరు విశాఖపట్నం జిల్లా నుండి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గాని, ఆచారం మారలేదు. వీధిలో పిల్లల కోసం పదాల అట్టలు తయారుచేయ సంకల్పించి, పైథాన్‌లో రాసుకున్న చిన్న ప్రోగ్రాముకు తొలి పదంగా ఆయన పేరే ఇచ్చాను. తెర మీద ‘విఘ్‌నేశ్‌వరుడు’ ప్రత్యక్షమయ్యాడు! అక్షరాలు దిద్దుకునే పసివాడు అట్ట మీద ఉన్నదే సరైన రూపమనుకుంటాడు కదా. అందుకని కారణం వెతకక తప్పలేదు.

ఖతిలో అక్షర రూపాలూ, వాటిని కూర్చే నియమాలూ ఉంటాయి. ఆ నియమాలను అమలుచేసి ఒత్తును కిందికి దింపి కూర్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. బొమ్మలు గీసే పిల్లో దానిని రాక్మ్ ద్వారా పిలుస్తుంది. ఈ రాక్మ్‌కు ఫ్రిబిడి అనే మరో లైబ్రరీ కూడా కావాలి. కుడి నుండి ఎడమకు నడిచే అరబ్బీ, హీబ్రూ వంటి లిపుల వరుసను చక్కబెట్టడం దాని పని. మన తెలుగు ఎడమ నుండే నడిచినా, అది లేనిదే రాక్మ్ కదలదు. 2021లో వచ్చిన 8.2.0 నుండి పిల్లో పొట్లంలో రాక్మ్ ఉంటోంది గాని, ఫ్రిబిడిని విండోస్‌లో మనమే సమకూర్చాలి. లేకపోతే పిల్లో ఏ దోషమూ చెప్పదు. మౌనంగా ఒత్తులు విడగొట్టి గీసేస్తుంది.

సమకూర్చడంలోనే ఉంది చిక్కంతా. డీఎల్ఎల్ జత కుదరవలసింది విండోస్‌తో కాదు, పైథాన్‌తో. 64 బిట్ల విండోస్ మీద 32 బిట్ల పైథాన్ ఉంటే 32 బిట్లదే కావాలి. ఏఆర్ఎం ల్యాప్‌టాపులో ఇంటెల్ పైథాన్ అనుకరణ మీద నడుస్తుంటే ఇంటెల్‌దే కావాలి. ఫైలు పేరు ఒక్కటే, లోపలి యంత్రభాషలు మూడు. కనుక విన్32, విన్ ఏఎండీ64, విన్ ఏఆర్ఎం64 అనే గుర్తులతో మూడు వీల్ పొట్లాలు కట్టాను. (ఏఎండీ64 అన్నది ఇంటెల్ యంత్రాలకూ వర్తించే పేరే సుమండీ!) తనను నడిపే పైథాన్‌కు తగినదానిని పిప్ తానే ఎంచుకుంటుంది. పిల్లో ఖతులను తాకకముందే నా పొట్లం ఆ డీఎల్ఎల్‌ను పూర్తి చిరునామాతో ఎక్కిస్తుంది; ఒకసారి ఎక్కిన పేరును ఆ ప్రోగ్రాములో విండోస్ మళ్ళీ వెతకదు. ఒత్తులు కిందికి దిగాయి.

పాత బ్లాగరులకు విండోస్ ఎక్స్‌పీ గుర్తుండే ఉంటుంది. తెలుగు సరిగా కనబడాలంటే సంక్లిష్ట లిపులకూ, కుడి నుండి ఎడమకు రాసే భాషలకూ కలిపి ఉన్న ఒకే గడిలో టిక్కు పెట్టి, సీడీ వేయవలసి వచ్చేది. ఇన్నేళ్ళ తరువాత పిల్లోలోనూ మనది అదే గడి. ఇందులో ఎవరి ద్వేషమూ లేదు. ఆంగ్లాక్షరాలతో సరిచూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఒత్తు విరిగిందని తెలిసేది తెలుగు చదవగలవారికే.

కాబట్టి మిత్రులారా, కొత్త పనిముట్టు ఏది చేతికొచ్చినా ‘అమ్మ’తో సరిపెట్టక ‘విఘ్నేశ్వరుడు’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ కూడా రాసి చూడండి. విరిగితే, తయారుచేసినవారికి బొమ్మతో సహా ఓ జాబు రాయండి. ఈ పని మన బదులు చేసిపెట్టేవారు లేరు.